వాహన బ్యాటరీ విద్యుత్తు: నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో వాడకం

ఇల్లు విడిచి బయట ఉన్నప్పుడు కారు, ట్రాక్టర్, ఆటో, లారీల బ్యాటరీ నుంచి బల్బు, ఫ్యాన్, ఫోను, టీవీ, మైకు లాంటి పరికరాలను నడుపుకొనే పద్ధతి ఇది. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కు ఛార్జర్ తగిలించుకోవచ్చు. బ్యాటరీ టర్మినళ్లకు నేరుగా క్లిప్పులు పెట్టి 12 వోల్టుల పరికరాలను నడపవచ్చు. చిన్న ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా మార్చుకొని ఇంటి పరికరాలనే వాడుకోవచ్చు.

ఈ వ్యాసం పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల పరిధిది. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోయాయి. అదే రోజు మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరు పడింది. చాలావరకు కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో వాహన బ్యాటరీని ఎక్కువగా వాడుకునేది పని మీదో మొక్కు మీదో ఊరు దాటి, ఆరుబయట రాత్రులు గడిపే జనం. కంపెనీ ఆ బ్యాటరీని బండి స్టార్ట్ చేయడానికి తయారుచేసింది. దాని మీద ఇంత బతుకు ఆధారపడి ఉందన్న సంగతి వాహనాల పుస్తకాల్లో ఎక్కడా కనబడదు. అందుకే ఇక్కడ యంత్రంతో పాటు మనుషుల గురించి కూడా చెప్పుకోవాలి.

వాడుకునేవాళ్లు

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి కోతలు మొదలైతే కోత మిషన్ రోజుకు ఎకరాలకు ఎకరాలు కోసేస్తుంది. వడ్లు పచ్చిగానే రాశి పడతాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే కాంటా పెట్టరు. కాబట్టి రైతు కల్లంలోనో, రోడ్డు అంచునో, ఐకేపీ కొనుగోలు కేంద్రం దగ్గరో వడ్లు ఆరబోసి, పగలు కాళ్లతో తిరగదోసి, రాత్రి కుప్ప చేసి పట్టాలు కప్పి కావలి పడుకుంటాడు. యాసంగిలో అయితే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. వాన చుక్క పడగానే లేచి పట్టా అంచుల మీద రాళ్లు పెట్టాలి. అందుకు వెలుతురు కావాలి, ఇంటికి కబురు చెయ్యడానికి ఫోనులో ఛార్జింగ్ ఉండాలి.

ఆ రాత్రి కుప్ప పక్కన ఆపిన ట్రాక్టరే కరెంటు స్తంభం. బ్యాటరీ పెట్టె మూత తీసి, ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్ల క్లిప్పు మైనస్‌కు పట్టిస్తారు. అక్కడి నుంచి జంట వైరు లాగి, ఒక కర్రకు 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బు కడతారు. అదే వైరు మధ్యలో ఇన్సులేషన్ ఒలిచి ఫోను ఛార్జర్ సాకెట్ అతికిస్తారు. ఆ ఒలిచిన చోట టేపు సరిగ్గా చుట్టకపోతే, తెల్లవారి మంచుకో వానకో తడిసి రెండు తీగలు కలిసే ప్రమాదం ఉంది. అక్కడ ఫ్యూజు ఉండదు. ఈ ఏర్పాటులో అన్నిటికంటే బలహీనమైన చోటు అదే.

బోరు లారీలది ఇంకో తీరు. ఈ జిల్లాల కింద చాలావరకు ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. నీళ్ల కోసం దశాబ్దాలుగా వేల బోర్లు పడ్డాయి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే రిగ్గులు ఇక్కడ కొత్తేమీ కాదు. వాటి సిబ్బంది సీజనంతా లారీ దగ్గరే వండుకొని, లారీ కిందో పక్కనో పడుకుంటారు. వాళ్ల లైట్లూ ఫ్యానూ ఫోన్లూ అన్నీ లారీ బ్యాటరీ మీదే.

పాలమూరు లేబర్ సంగతి మరీ పాతది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కడుతున్నా, ఎక్కడ కాల్వ తవ్వుతున్నా పాలమూరు కూలీలు కనబడతారని పేరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, నెలల తరబడి గుడిసెల్లో ఉండి పనిచేసేవారు. కరెంటు లేని క్యాంపులో ట్రాక్టరో టిప్పరో ఉంటే, సాయంత్రం దాని చుట్టూ ఫోన్లు చేరతాయి. ఊళ్లో ముసలి తల్లిదండ్రుల దగ్గర పిల్లలను వదిలి వచ్చినవాళ్లకు ఆ ఫోను ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన వాడకం ఇదేనని చెప్పాలి. ఫోను నిండడానికి పట్టేది 15 నుంచి 20 వాట్-అవర్లే. పెద్ద బ్యాటరీకి అది లెక్కలోకే రాదు.

తర్వాత జాతరలు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు, పాలమూరు వైపు మన్యంకొండ, కురుమూర్తి జాతరలు ఏటా జరుగుతాయి. ట్రాక్టర్ ట్రాలీలో, డీసీఎం వ్యానులో కుటుంబాలు కుటుంబాలే తరలివచ్చి, డేరా వేసి, యాటను కోసి వండుకొని, ఒకటి రెండు రాత్రులు ఉంటాయి. ట్రాలీకి కట్టిన లైట్లు, పాటల బాక్సులు అన్నీ బండి బ్యాటరీతోనే నడుస్తాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్ వాడకాన్ని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కట్టడి చేశాయి. ఆ నియమం పాటిస్తే పక్క డేరాలోని పసిపిల్లలు పడుకుంటారు, బ్యాటరీ కూడా మిగులుతుంది.

శ్రీశైలం దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా పోయే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మన్ననూర్ చెక్‌పోస్టుకు ఆలస్యంగా చేరిన కుటుంబం కారులోనే రాత్రి గడపాల్సి రావచ్చు. అద్దాలు కాస్త దించి, చిన్న ఫ్యాను పెట్టుకొని, పిల్లల కోసం ఫోనులో సినిమా వేసి, పాటలు వింటూ కూర్చుంటారు. తెల్లవారి గేటు తీశాక తాళం తిప్పితే టకటక చప్పుడు తప్ప ఇంజన్ తిరగదు. ఆ రాత్రి కారులో ఎంత వాడుకోవచ్చో, ఎక్కడ ఆపాలో తెలిసి ఉంటే ఆ తిప్పలు ఉండవు.

గతం

లెడ్-యాసిడ్ బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. 1881లో కమీల్ ఫోర్ సీసపు ముద్దను పలకలకు పూసే పద్ధతి తెచ్చాక అది పెద్ద ఎత్తున తయారీకి అనువుగా మారింది. కరెంటు రాని అమెరికా పల్లెల్లో 1920లలో కారు బ్యాటరీ ఇంట్లోకి తెచ్చి రేడియో వినేవారు. తర్వాతి కాలంలో కెన్యా లాంటి ఆఫ్రికా దేశాల పల్లెల్లో బ్యాటరీ టీవీలు అదే పని చేశాయి.

మన దగ్గర ఈ వాడకానికి ముందుగా అలవాటు పడింది మైకు సెట్టువాళ్లు. ఆహుజా లాంటి యాంప్లిఫయర్లు కరెంటుతోనూ 12 వోల్టుల బ్యాటరీతోనూ నడిచేలా వచ్చేవి. జీపు మీద, ఆటో మీద కోన్ స్పీకర్ కట్టి, ఎన్నికల ప్రచారమూ, టాకీసులో కొత్త సినిమా కబురూ ఊరూరా చాటారు. తర్వాత టీవీ వచ్చింది. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆదివారం పొద్దున రామాయణం, 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా మహాభారతం దూరదర్శన్‌లో వచ్చాయి. అప్పటి 14 అంగుళాల నలుపు తెలుపు టీవీల్లో చాలావాటికి వెనకవైపు 12 వోల్టుల డీసీ సాకెట్ ఉండేది. సీరియల్ వేళకు కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చి అరుగు మీద పెట్టేవారు. ఆ టీవీ తీసుకునేది 30 వాట్లకు అటూ ఇటూ కాబట్టి గంట సేపు నడిచినా బ్యాటరీకి పెద్ద దెబ్బ తగిలేది కాదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది. ఊళ్లలో కరెంటు కోత తగ్గాక బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చే అవసరం చాలావరకు పోయింది. ఆరుబయట అవసరం మాత్రం అలాగే ఉంది. వరదల్లో అది ఇంకా పెరుగుతుంది. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో కోదాడ నీళ్లలో చిక్కినప్పుడు వచ్చినట్టి కష్టం వస్తే, కరెంటు తిరిగి వచ్చేలోపు ఫోను నిలబెట్టగలిగేది మెరకన ఉన్న ఏదో ఒక బండే.

ఎంత వాడుకోవచ్చు

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. నిండుగా ఛార్జయి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర సగం ఖాళీ అయినట్టు. 11.9కి దిగితే దాదాపు అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ దాన్ని 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంచి ఛార్జ్ చేస్తుంది.

చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లు అనుకుందాం. 12తో గుణిస్తే 420 వాట్-అవర్లు. అందులో సగం బండి స్టార్ట్ కావడానికి వదిలేయాలి. మిగిలిన 210లో ఇన్వర్టర్ 10 నుంచి 15 శాతం తానే తింటుంది. చేతికి వచ్చేది సుమారు 180. 45 వాట్ల ఎల్‌ఈడీ టీవీ నాలుగు గంటలు, లేదా 60 వాట్ల ల్యాప్‌టాప్ మూడు గంటలు. బ్యాటరీ రెండేళ్లు నిండినదైతే ఈ లెక్కలో మళ్లీ కోత పెట్టుకోవాలి.

ట్రాక్టర్ బ్యాటరీ 75 నుంచి 100 ఆంపియర్-అవర్ల దాకా ఉంటుంది. 75 అనుకుంటే 900 వాట్-అవర్లు, వాడదగ్గది 450. వడ్ల కుప్ప దగ్గర 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు రాత్రంతా పది గంటలు వెలిగితే 270. నాలుగు ఫోన్లు నింపితే 60 నుంచి 80. మొత్తం 350 లోపే. పొద్దున ట్రాక్టర్ హాయిగా స్టార్ట్ అవుతుంది. దీనికి 15 వాట్ల 12 వోల్టుల ఫ్యాను రాత్రంతా తోడైతే 150 పెరిగి లెక్క తప్పుతుంది. అప్పుడు ఒక బల్బు ఆర్పేస్తే సరిపోతుంది. నేరుగా 12 వోల్టులతో నడిచే బల్బు, ఫ్యాను కొనుక్కుంటే ఇన్వర్టర్ నష్టం ఉండదు. ఆరుబయట పనులకు అవే మేలు.

వేడి పుట్టించే పరికరాల దగ్గరే అసలు చిక్కు. 500 వాట్ల రైస్ కుక్కర్‌ను ఇన్వర్టర్ మీద పెడితే బ్యాటరీ నుంచి 45 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత వేగంగా లాగితే బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం కూడా ఇవ్వదు. చిన్న కారు బ్యాటరీ అన్నం ఉడికేలోపే చేతులెత్తేస్తుంది. ఇస్త్రీ పెట్టె, నీళ్ల హీటర్లదీ ఇదే వరస. అన్నానికి కట్టెల పొయ్యి, గ్యాసు స్టవ్వే దిక్కు.

ఇక్కడే చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. ఇన్వర్టర్‌లో వోల్టేజీ తగ్గితే కూత పెట్టి ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కదా, ఇక భయమెందుకు అనుకుంటారు. చాలా చిన్న ఇన్వర్టర్లు ఆగిపోయేది 10.5 వోల్టుల దగ్గర. అప్పటికి బ్యాటరీలో స్టార్టర్ మోటారును తిప్పే సత్తువ మిగలదు. కారు స్టార్టర్‌కు ఆ క్షణంలో వంద నుంచి రెండు వందల ఆంపియర్లు కావాలి, డీజిల్ ఇంజన్‌కు ఇంకా ఎక్కువ. ఆ కూత బండి స్టార్ట్ అయ్యేలా చూడటానికి పెట్టింది కాదని ప్రతి ఇన్వర్టర్ పెట్టె మీదా పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. రెండు మూడు వందల రూపాయలకు దొరికే చిన్న వోల్ట్‌మీటర్ బిగించుకొని, పరికరాలన్నీ ఆపి కాసేపాగి చూస్తే 12.2 ఉన్నప్పుడే ఆపేయడం మంచిది.

ఇంజన్ ఆన్‌లో పెట్టి వాడుకోవచ్చు గానీ ఖర్చెక్కువ. నిలబడ్డ కారు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా ఇంధనం తాగుతుంది. ఇంజన్ అంత నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో కొంత భాగమే ఇస్తుంది.

లారీలు, డీసీఎంలు

పెద్ద బండ్లలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. బజారులో దొరికే ఛార్జర్లు, ఫ్యాన్లు, స్టీరియోలు ఎక్కువగా 12 వోల్టులవి. కాబట్టి డ్రైవర్లు రెండు బ్యాటరీలలో ఒకదానికే వైరు తగిలిస్తారు. పని జరిగిపోతుంది. కానీ రోజూ ఆ ఒక్క బ్యాటరీయే దిగుతుంది. ఆల్టర్నేటర్‌కు మాత్రం రెండూ కలిసి ఒకటే బ్యాటరీ. దిగినదానికి ఛార్జింగ్ చాలదు, నిండుగా ఉన్నదానికి ఎక్కువైపోయి నీళ్లు మరిగిపోతాయి. కొన్ని నెలలకు ఒకటి పలకలు గట్టిపడి, రెండోది ఎండిపోయి, రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ ఒకటి పెట్టుకుంటే ఈ నష్టం ఉండదు. దాని ఖరీదు కొత్త బ్యాటరీ ఖరీదులో చిన్న భాగమే. లారీ మీద బతికే మనిషికి రెండు బ్యాటరీలు ఒకేసారి పోవడం అంటే నెల సంపాదనకు గండి పడటమే.

వైర్లు, జాగ్రత్తలు

వోల్టులు తక్కువైతే అదే పనికి ఆంపియర్లు ఎక్కువ కావాలి. 230 వోల్టుల దగ్గర 300 వాట్లకు ఒకటిన్నర ఆంపియరు కూడా పట్టదు. 12 వోల్టుల దగ్గర 25 నుంచి 30 ఆంపియర్లు. ఇంట్లో బల్బుకు వాడే సన్న వైరు అక్కడ వేడెక్కి కరుగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు మామూలుగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అంటే 120 నుంచి 180 వాట్లు దాటకూడదు. అంతకు మించినదేదైనా మందపాటి వైరుతో, బ్యాటరీ ప్లస్ టర్మినల్‌కు జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టి, నేరుగా బ్యాటరీకి కలపాలి.

ఛార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. అందుకని దాని పక్కన బీడీ ముట్టించకూడదు. కరెంటు పారుతున్నప్పుడు క్లిప్పు పీకకూడదు, ముందు బల్బు ఆర్పాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపి పడుకోవడం ప్రాణాంతకం. ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆస్తమా మనిషికి నెబ్యులైజర్, నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు సీపాప్ యంత్రం వాడేవాళ్లు ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరే కొనాలి. చవక ఇన్వర్టర్ల గరుకు తరంగంతో కొన్ని మోటార్లు వేడెక్కుతాయి. ఇలాంటివాళ్లు బండి బ్యాటరీ మీద ఆధారపడకుండా వేరే బ్యాటరీ వెంట ఉంచుకోవడం తప్పనిసరి.

నల్లగొండ ఎండలు 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. బానెట్ కింద ఇంకా ఎక్కువ. వేడికి లోపలి రసాయన చర్య వేగం పెరిగి పలకలు తొందరగా అరిగిపోతాయి, నీళ్లు ఆవిరవుతాయి. మూతలున్న బ్యాటరీ అయితే ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలెక్కువ. అవి పోస్తే పలకలు పాడవుతాయి. టర్మినల్ మీద తెల్లగా పేరుకున్నదాన్ని వేడి నీళ్లతో కడిగి, ఆరాక వాసెలిన్ రాస్తే చాలు. దించేసిన బ్యాటరీని అలాగే రోజుల తరబడి వదిలితే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. కావలి ముగిసిన మర్నాడే బండిని ఎక్కువసేపు నడపాలి, లేదా షాపులో ఛార్జింగ్ పెట్టించాలి.

ఎలక్ట్రిక్ బండ్లు

2023 జనవరిలో భారత్‌లో విడుదలైన హ్యుందాయ్ ఐయానిక్ 5లో 72.6 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉంది. బయటి పరికరాలకు 3.6 కిలోవాట్ల దాకా కరెంటు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన కొత్త టాటా నెక్సాన్ ఈవీలోనూ ఇలాంటిదే పెట్టారు. అప్పటి నెక్సాన్ పెద్ద బ్యాటరీ 40.5 కిలోవాట్-అవర్లు. అందులో సగమే వాడినా 300 వాట్ల లైట్లు, ఫ్యాన్లు, టీవీ 60 గంటలకు పైగా నడుస్తాయి. పైన చెప్పిన చిన్న కారుకు, దీనికి పోలికే లేదు. అయితే ఎలక్ట్రిక్ కారులోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి వేరుగా ఉంటుంది. పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చులు దానితోనే పనిచేస్తాయి. పెద్దది నిండుగా ఉన్నా, చిన్నది దిగిపోతే కారు కదలదు. కాబట్టి ఎలక్ట్రిక్ కారు వాడేవాళ్లు కూడా చిన్న బ్యాటరీకి క్లిప్పులు పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన సాకెట్ నుంచే తీసుకోవాలి. ఈ బండ్లు ఇంకా వడ్ల కుప్ప దగ్గరి రైతుకు, క్యాంపులోని కూలీకి అందే ధరలో లేవు.

మహబూబ్‌నగర్ పక్కనే ఉన్న దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్లుల కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడి, ఏడాదికి 16 గిగావాట్-అవర్ల సెల్లుల తయారీ లక్ష్యం. నెమ్మదిగా సగానికి పైగా దించినా తట్టుకొనే చిన్న లిథియం బ్యాటరీ ప్యాకులు చౌకగా దొరికితే ఆరుబయట పనులకు బాగా ఉపయోగపడతాయి. బండి బ్యాటరీ మీది భారం అంతమేర తగ్గుతుంది.

పాత బ్యాటరీ

అరిగిన లెడ్ బ్యాటరీకి పాత సామాన్లవాళ్లు సీసం బరువును బట్టి ధర కడతారు. పెరట్లో సీసం కరిగిస్తే ఆ పొగ, ఆ బూడిద పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. 2001 నాటి నియమాల స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాతవాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. కొత్తది కొనేటప్పుడు పాతది అదే షాపులో ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు. యాసిడ్ కాలువలో పారబోయకుండా, మూతలు బిగించి, నిలువుగా నిలబెట్టి తీసుకెళ్లి ఇవ్వాలి.